ఐదో గది మార్కులు

2023 ఏప్రిల్ 26, బుధవారం

మందుల కంపెనీ వాళ్ళు జనవరిలో పంచిన డైరీ ఇన్నాళ్ళూ టీవీ కింద పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి తీశాను. మనసులో మాట ఆఫీసులో అంటే ఉద్యోగానికి ఎసరు. ఇంట్లో అంటే మా ఆవిడ సమీనా టీవీ సౌండు పెంచుతుంది. కాగితమైతే ఎదురు చెప్పదు.

పంతొమ్మిదేళ్ళుగా దుబాయ్‌లోని మా మెడికల్ కాలేజీలో సీటు ఇచ్చే పద్ధతి ఒక్కటే. బల్లకి అటువైపు ముగ్గురు పెద్ద డాక్టర్లు, ఇటువైపు పిల్లో పిల్లాడో. ఇరవై నిమిషాలు. కూర్చున్న తీరు, మాట తీరు చూస్తే చాలు, ఎవరి సరుకెంతో తెలిసిపోతుంది. దాన్నే ప్యానెల్ అంటారు. కరోనా రెండేళ్ళు అదే పని కంప్యూటర్లో చేశారు. పైన కోటు, కింద పైజమాతో కూర్చున్న ఘనుల్ని కూడా చూశాను. అయినా పద్ధతి మారలేదు.

ఇప్పుడు జోర్డాన్ నుంచి దిగిన డాక్టర్ రీమ్‌కి అది చాలదట. ఇకనుంచి ఎనిమిది గదులు. ఒక్కో గది తలుపు మీద ఒక కార్డు. రెండు నిమిషాలు నిలబడి చదవాలి. గంట మోగితే లోపలికి వెళ్ళి ఆరు నిమిషాలు మాట్లాడాలి. మళ్ళీ గంట మోగితే పక్క గది. ఒక గదిలో తగువు తీర్చాలి, ఇంకో గదిలో ఏడ్చేవాళ్ళని ఓదార్చాలి. పేరుండదు, ఫైలుండదు, చొక్కా మీద నంబరు ఒక్కటే. మూడు రోజుల తర్వాత అదే పిల్లల్ని పాత ప్యానెల్ ముందు కూర్చోబెడతారు. అక్కడ పేరు, ఫైలు, గదుల్లో వచ్చిన మార్కులు అన్నీ బల్ల మీదుంటాయి. రెండూ కలిపి ర్యాంకు. పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నాడట వెనకటికొకడు.

గదులకి ఎంత, ప్యానెల్‌కి ఎంత అని రెండున్నర గంటలు కోడిగుడ్డుకి ఈకలు పీకారు. చివరికి గదులకి అరవై, ప్యానెల్‌కి నలభై. ఆ అరవై ఎందుకు యాభై ఎనిమిది కాకూడదో అక్కడున్న ఒక్కరికీ తెలియదు. నేను మినిట్స్ రాసుకున్నాను. గంట మోగించే పని నాకిచ్చారు. అడ్మిషన్స్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని, చేసేది బడి ప్యూను పని.

ఏప్రిల్ 28, శుక్రవారం

పద్ధతి మారిందని మాహిరాకి చెప్పాను. ఫోన్లోంచి తల ఎత్తకుండా, “తెలుసు నాన్నా, వెబ్‌సైట్లో పెట్టారు” అంది.

నా కూతురికి మార్కులు తొంభై మూడు శాతం. మనిషి ఎదురుగా కూర్చుంటే మాత్రం నీళ్ళు నములుతుంది. పోయినేడు వేరే కాలేజీ ప్యానెల్లో నోరు పెగల్లేదు. ఏడాది ఇంట్లో కూర్చుంది. ఈసారీ సీటు రాకపోతే ఇంక డాక్టరు మాట ఎత్తనని, ప్రొద్దుటూరు వెళ్ళి డిగ్రీలో చేరతానని వాళ్ళమ్మతో అంది. ఫీజు కడతానని సౌదీలో, దమ్మామ్‌లో ఉన్న సమీనా అన్న ఖాసిం మాటిచ్చాడు. సీటు మాత్రం నేను తేవాలట. కాలేజీలోనే ఉన్నావు కదా, నీకేం అంటారు అందరూ. అవును, కాలేజీలోనే ఉన్నాను. గంట కొడతాను.

ఈ ఏడాదంతా నేనే నేర్పాను దానికి. వీపు నిటారుగా. చేతులు ఒళ్ళో. కళ్ళలోకి చూడు. ఎదుటివాడి ప్రశ్న సగంలో ఉండగానే నీ జవాబు తయారుగా ఉండాలి, ఆలోచిస్తూ కనపడితే మొద్దు అనుకుంటారు. పంతొమ్మిదేళ్ళు ప్యానెల్ గుమ్మం దగ్గర నిలబడి నేర్చుకున్న చదువిది, ఏ పుస్తకంలోనూ దొరకదు.

మే 3, బుధవారం

ఐదో గదిలో రోగి వేషానికి నటిని తెస్తారనుకున్నాను. డాక్టర్ రీమ్ ఎవర్ని పట్టుకొచ్చిందంటే, వీరదుర్గని. మా ప్యాంట్రీలో చాయ్ పెట్టే వీరదుర్గని. కోనసీమ మనిషి. క్లీనింగ్ ఏజెన్సీ తరఫున వచ్చి ఆరేళ్ళయింది. చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు వచ్చీరానట్టు మాట్లాడుతుంది, చదవడం రాదు. మీటింగుకి పన్నెండు కప్పులు చెబితే పదో పద్నాలుగో తెస్తుంది.

“నటి నటిస్తుంది. నాకు నిజం మనిషి కావాలి” అందట మేడమ్. చదువుకున్నవాళ్ళకి అప్పుడప్పుడు ఇలాంటి జబ్బు వస్తుంది.

అంతకంటే విడ్డూరం, వీరదుర్గ కూడా మార్కు వేస్తుందట. గదిలో కూర్చునే డాక్టరు వేసేది వేరు. ఈమెకి ఒకటే ప్రశ్న: ఈ డాక్టరు దగ్గరికి మళ్ళీ వస్తావా? ఒకటి నుంచి నాలుగు దాకా గడులు. ఒకటి అంటే చచ్చినా రాను, నాలుగు అంటే తప్పకుండా వస్తాను. తొంభై శాతాలు తెచ్చుకున్న పిల్లలకి చాయ్ గిన్నెలు కడిగే మనిషి మార్కులు వేస్తుంది. డీన్ తల ఊపాడు. ఆయన అన్నిటికీ ఊపుతాడు.

ప్యాంట్రీకి వెళ్తే ఆమె మొహం వెలిగిపోతోంది.

“సార్, నాకు యాక్టింగిచ్చారండి. షుగరు పేషెంటునంట. మా ఊళ్ళో చెప్తే నవ్వుతారండి, ఆయ్.”

“నవ్వాల్సిందే. చాయ్ పట్టుకురా” అన్నాను.

మే 9, మంగళవారం

గదుల సంగతి బయట చెప్పబోమని అందరిచేతా సంతకాలు తీసుకున్నారు. వీరదుర్గ తెలుగులో చేసింది. పేరు రాయడానికి పెద్ద పరీక్ష రాసినంత సేపు పట్టింది.

తర్వాత డాక్టర్ రీమ్ నన్ను పక్కకి పిలిచింది. “మీ అమ్మాయి కూడా అప్లై చేసింది కదా ఇమామ్. ఈ నెల వేరే పని చూసుకుంటారా?”

“పంతొమ్మిదేళ్ళ సర్వీసు మేడమ్” అన్నాను. అంతే అన్నాను. ఆమె ఎర్రబడి సారీ చెప్పింది. మనుషుల్ని అనుమానించడం కూడా సరిగ్గా చేతకాదు వీళ్ళకి. ఒక్క మాటకే జారిపోతారు.

మే 15, సోమవారం

గోప్యత కోసం కాగితాలన్నీ తానే ప్రింటు తీసుకుంటానంది డాక్టర్ రీమ్. శుభం. మా ప్రింటరు మందపాటి కాగితం పెడితే నమిలేస్తుందని ఆమెకి ఎవరు చెబుతారు. పదకొండింటికి ఆమె గదిలోంచి కేక. “ఇమామ్, హెల్ప్!” నాలుగు పట్టాలున్న మనిషి ప్రింటరు వెనక తలుపు ఎక్కడుందో తెలియక నిలబడి ఉంది.

తలుపు తెరిచి ఇరుక్కున్న కాగితం లాగాను. అది ఐదో గదిది. గుమ్మం మీద పెట్టే కార్డు కాదు, వీరదుర్గకి నేర్పే కాగితం. ఆమె నా చేతిలోంచి లాక్కుని, “మీరేమీ చూడలేదు కదా?” అంది.

“కళ్ళజోడు నా బల్ల మీదే ఉంది మేడమ్” అన్నాను. నిజమే, బల్ల మీదే ఉంది. అది దూరం చూడటానికి పెట్టుకునే కళ్ళజోడు.

మే 16

నేనేమీ చదవలేదు. కంటికి కనపడటం వేరు, చదవడం వేరు.

మే 17, బుధవారం

మాహిరాకి గదుల పద్ధతి అలవాటు చేద్దామని ఇంట్లోనే ఒకటి పెట్టాను. సమీనాని సోఫాలో రోగిగా కూర్చోబెట్టాను. ఊరికే ఒక ఉదాహరణ అనుకున్నాం. పనిచేసుకునే ఆవిడ, షుగరు, మాత్రలు ఇస్తే వేసుకోదు. ఎందుకు వేసుకోదు? దుబాయ్‌లో ఎవరికైనా తోచేదే. జబ్బు మనిషని తెలిస్తే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దాన్ని రద్దు చేసి ఊరికి పంపుతాడని భయం. ఇది ఏ కాగితంలోనో చూసి తెలుసుకోవాలా? బర్ దుబాయ్‌లో బట్టలకొట్టు ముందు నిలబడి ఎవర్ని అడిగినా చెబుతారు.

మొదటిసారి మాహిరా ఊరికే అడుగుతూ కూర్చుంది. తిన్నావా ఆంటీ, నిద్ర పడుతోందా, ఊళ్ళో ఎవరున్నారు. మధ్యలో ఏమీ మాట్లాడకుండా కూడా కూర్చుంది. సమీనా నిజంగానే కొంగుతో కళ్ళు తుడుచుకుని భయం సంగతి చెప్పింది. అప్పటికి ఐదు నిమిషాలు పోయాయి. నేను గడియారం చూపించాను.

“ఇట్లా అయితే గంట మోగేలోపు పరిష్కారం ఎప్పుడు చెబుతావు? భయం ఏందో నీకు తెలుసు కదా. కూర్చోగానే ఆ మాటనే పట్టుకో. కఫీల్ పంపించడు, భయపడొద్దు అని చెప్పేయ్. మిగిలిన టైములో మాత్రల గురించి మాట్లాడు.”

సమీనా అడ్డు తగిలింది. “పాపకు ఎట్ల తెలుస్తాది? నేనింకా చెప్పనే లేదే.”

సమీనాకి ఇంటర్వ్యూల గురించి ఏం తెలుసు. మూడుసార్లు చేయించాను. మూడోసారి మాహిరా మొత్తం రెండు నిమిషాల పది సెకన్లలో ముగించింది. ఇది మామూలు ప్రాక్టీసు, ఏ తండ్రైనా చేసేదే.

మే 20, శనివారం

అరవై నలుగురు పిల్లలు. ఎనిమిదేసి మంది చొప్పున ఎనిమిది దఫాలు. గంట ఎన్నిసార్లు కొట్టానో నా మోచేతికి తెలుసు. ప్రతి గంటకీ ఎనిమిది తలుపులు తెరుచుకోవడం, ఎనిమిది మంది బయటపడి పక్క తలుపు ముందు నిలబడి పెదాలు కదుపుతూ కార్డు చదవడం. ఒకమ్మాయి ఏడో గది నుంచి ఏడుస్తూ వచ్చి ఎనిమిదో గదిలోకి నవ్వుతూ వెళ్ళింది. డాక్టరుగా పనికొస్తుంది.

మాహిరా నంబరు 27. నాలుగో దఫాలో వచ్చింది. ఐదో గది ముందు రెండు నిమిషాలు నిలబడి నావైపు చూడలేదు. మంచిదే. అక్కడ డాక్టర్ రీమ్ స్వయంగా మార్కులు వేస్తోంది.

కారులో అడిగాను. “కూర్చోగానే చెప్పేశాను నాన్నా” అంది. “ఆంటీ అట్లే చూస్తా ఉండిపోయింది.”

“మెచ్చుకుని ఉంటుంది” అన్నాను. మాహిరా కిటికీవైపు తిరిగింది.

మే 21, ఆదివారం

సెలవైనా మార్కులు ఎక్కించడానికి పిలిచారు. నంబర్లే కదా, పేర్లు కావు కదా అని డాక్టర్ రీమ్ ఆ పని నాకే ఇచ్చింది. నా కూతురి నంబరు నాకు తెలియదనుకుంటోంది కాబోలు. ఇంత అమాయకత్వం జీతం ఇచ్చి మరీ పోషిస్తోంది మా కాలేజీ.

నంబరు 27, ఐదో గది. డాక్టరు వేసింది ఐదుకి ఒకటి. కింద రాసింది: “రోగి తన సంగతి చెప్పకముందే కారణం చెప్పింది. ఎలా తెలిసింది?”

వీరదుర్గ వేసింది నాలుగు. అరవై నలుగురిలో నాలుగు పడింది మాహిరాకి ఒక్కదానికే. మిగతావాళ్ళకి రెండు, మూడు, చాలామందికి ఒకటి. 41వ నంబరుకి డాక్టరు ఐదుకి ఐదు వేసి, ఓపికగా విన్నారని పొగిడి పెట్టింది. వీరదుర్గ దానికి కూడా మూడే వేసింది.

చాయ్ మనిషికున్న బుద్ధి డాక్టరమ్మకి లేకపోయింది. అక్కడికక్కడే నవ్వొచ్చింది నాకు. మనిషిలో ఉన్న సత్తాని మామూలు జనమే పట్టుకుంటారు అనిపించింది. మొత్తం మీద మాహిరా ర్యాంకు ముప్ఫై ఆరు. సీట్లు ముప్ఫై. ప్యానెల్లో లాగాలి.

మే 22, సోమవారం

డీన్ గదికి పిలుపు. డాక్టర్ రీమ్ ముందే కూర్చుని ఉంది. 27 ఎవరో పేరు తీసి చూశారు.

ఐదో గది రహస్యం తనకి తెలుసు, డీన్ ఫైల్లో ఉంది, వీరదుర్గకి నోటితో నేర్పారు. ఇంకెవరికీ తెలిసే వీలు లేదు అంది డాక్టర్ రీమ్. అంటూ నా వైపు చూసి, వెంటనే కళ్ళు తిప్పుకుంది. ప్రింటరు మాట ఎత్తలేదు. ఎత్తితే, నన్ను పిలిచింది తానే అని కూడా చెప్పాలి కదా. నిజం కావాలన్న మనిషి. అంత పెద్ద నిజం అవసరం లేదు కాబోలు.

“మీ ఇంట్లో ఎవరి నోటి వెంటైనా వచ్చిందా ఇమామ్?” డీన్ అడిగాడు.

“లేదు సార్. ఒట్టు వేయమంటారా?”

“అరె, అదేం వద్దు.” ఫైలు తిరగేస్తూ, “ఆ ప్యాంట్రీ ఆవిడది కూడా మీ భాషేనా?” అన్నాడు.

“అవును సార్. తెలుగే.”

“గదిలో ఇద్దరూ తెలుగులో రెండు మాటలు అనుకుంటే రీమ్‌కి అర్థం కాదు కదా.”

“కాదు సార్.”

“పైగా అందరిలోకీ నాలుగు వేసింది మీ అమ్మాయికే.”

“అవును సార్.”

వీరదుర్గ చెప్పింది అని నేను అనలేదు. ఎక్కడా అనలేదు. అడిగినవాటికి జవాబు చెప్పాను, అన్నీ నిజాలే. రేపు ప్యానెల్లో అమ్మాయినే అడుగుదాం అన్నాడు డీన్.

ఇంటికొచ్చి మాహిరాకి చెప్పాను. “ఎలా తెలిసిందంటే, ఊహించాను అను. ఈ దేశంలో పెరిగాను, పనివాళ్ళ భయాలు చూశాను, ఆమె మొహంలో కనపడింది అను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు.”

“ఆ ఆంటీని ఏం చేస్తారు?”

“ఏం చేస్తారు, రెండు మాటలంటారు. తాను చెప్పలేదంటుంది. చాయ్ మనిషి మాట ఎవడు నమ్ముతాడు?”

మాహిరా సరే అంది. మళ్ళీ మళ్ళీ చెప్పించాను. తడబడలేదు.

మే 23, మంగళవారం

ప్యానెల్ దగ్గరికి నన్ను రానివ్వలేదు, మాహిరా వంతు అయ్యేదాకా స్టోరు రూములో పాత ఫైళ్ళు సర్దమన్నారు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ గుమ్మం దగ్గర ఇంకెవడో నిలబడ్డాడు. బయటికొచ్చాక మాహిరా, “బాగా జరిగింది” అంది.

మే 24, బుధవారం

ప్యానెల్ కాగితాలు టైపు చేయడానికి నా బల్ల మీదకే వచ్చాయి. ఎవరి వంతులో ఎవరు ఉండకూడదో చూసుకున్నారు, ఆ కాగితాలు తర్వాత ఎవరి చేతిలో పడతాయో చూసుకోలేదు. అది ఈ ఆఫీసు తెలివి.

మాహిరా కాగితం రెండుసార్లు చదివాను. యథాతథంగా ఇక్కడ దించుతున్నాను:

“ఐదో గది గురించి అడగగా అభ్యర్థిని మొదట చెప్పడానికి సందేహించారు. తర్వాత, తాను కూర్చోగానే రోగి పాత్రధారిణి తెలుగులో మెల్లగా కారణం చెప్పేశారని, తానూ తెలుగు అమ్మాయి కావడంతో సాయం చేయాలనుకున్నారేమోనని చెప్పారు. ఆ విషయం అప్పుడే చెప్పనందుకు క్షమాపణ అడిగారు. ఆ ఆంటీని శిక్షించవద్దని కోరారు. నిజాయితీ: ఐదుకి ఐదు. దయాగుణం: ఐదుకి ఐదు.”

నేను నేర్పింది ఇది కాదు. ఊహించాను అనమన్నాను. అంతవరకే నేర్పాను.

టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

మే 25, గురువారం

మళ్ళీ మీటింగు. ఐదో గది పాడైపోయింది కాబట్టి అందరికీ దాన్ని తీసేద్దామన్నారు. ఏడు గదులే లెక్క. ఏడు గదులకి అరవై ఎక్కువవుతుందని ఒకాయనకి జ్ఞానోదయమైంది. గదులకి యాభై, ప్యానెల్‌కి యాభై. ఈసారి పది నిమిషాల్లో తేలింది. నెల కిందట రెండున్నర గంటలు నిలబెట్టిన అరవై పది నిమిషాల్లో కూలింది. సైన్సట ఇది.

డాక్టర్ రీమ్ తల వంచుకుని కూర్చుంది. పద్ధతి మంచిదే, మనిషి ఎంపికలో పొరపాటు చేశాను అంది. ఆ మనిషి ఎవరో అందరికీ తెలుసు.

కొత్త లెక్కలో మాహిరా ర్యాంకు ఇరవై తొమ్మిది. 41వ నంబరు ఇరవై ఏడు నుంచి ముప్ఫై రెండుకి దిగింది. ఐదో గదిలో వచ్చిన ఐదు పోయింది కదా మరి. పేరు తీసి చూడలేదు. నాకు అవసరం లేదు.

మే 29, సోమవారం

వీరదుర్గ నా బల్ల దగ్గరికి చాయ్ తెచ్చి అక్కడే నిలబడింది.

“సార్, నేను పాపకి ఏం చెప్పలేదండి. పాపే కూర్చోగానే అనేసిందండి, కఫీల్ పంపెయ్యడు ఆంటీ, బయపడకండి అని. నేనింకా నోరే ఇప్పలేదండి.”

“మరి నాలుగెందుకు వేశావు?”

“పాప మీ పాపేనని తెలుసండి. మీ బల్ల మీద ఫోటో రోజూ తుడుత్తాను కదండీ. పాపం చేతులు వణికిపోతన్నాయండి దానికి. ఎవరో ముందే చెప్పుంటార్లే, చిన్నపిల్ల, కంగారు పడతంది, పోన్లే అని నాలుగెట్టేనండి. మిగతావోళ్ళకి ఎవరికెంతో అంతే ఎట్టేనండి. ఒట్టండి.”

ఎవరో ముందే చెప్పుంటారు. ఆ మాట అని నా మొహంలోకి చూడలేదు. బల్ల మీద లేని మరక తుడిచింది.

“ఎవరు చెప్పారనుకుంటున్నావు?”

“ఆ గొడవ నాకెందుకండీ. నేను చెప్పలేదని మేడంగారితో ఒక్క మాట అనండి సార్. మీ మాటకి ఇలువుంటాది. ఏజెన్సీవోళ్ళు నన్ను తీసేత్తామంటన్నారండి.”

చూస్తాను అన్నాను. మార్కు వేయడం రాని మనిషికి మార్కులిస్తే ఇలాగే ఉంటుంది. ఒకటి వేసి ఉంటే ఈ గొడవే లేదు. జాలిపడమని ఎవరన్నారు ఆమెని? నా కూతురి మీద జాలిపడటానికి ఆమె ఎవరు?

జూన్ 1, గురువారం

సీటొచ్చింది. ఇరవై తొమ్మిది.

ఖాసిం దమ్మామ్ నుంచి ఫోన్లో అరిచాడు. సమీనా సేమియా చేసి పక్క ఫ్లాట్లన్నిటికీ పంచింది. ప్రొద్దుటూరు నుంచి పదకొండు ఫోన్లు. అందరూ ఒకటే మాట, ఇమామ్ హుస్సేన్ అనుకున్నది సాధించాడు. సంతోషంగానే ఉంది. సంతోషంగా లేదని ఎవరన్నారు.

జూన్ 2, శుక్రవారం

జుమ్మా నమాజు నుంచి వచ్చాక మాహిరాని కారులోకి రమ్మన్నాను. ఎక్కడికీ వెళ్ళలేదు, పార్కింగులోనే ఏసీ వేసుకుని కూర్చున్నాం.

నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. ఆ మాట సమీనాకి చెప్పలేదు, ఇక్కడ కూడా రాయలేదు. వీరదుర్గని తీసేశారట, ఆమె వీసా ఏజెన్సీది, వేరే పని దొరక్కపోతే వెళ్ళిపోవడమే. ఐదో గది కాగితంలో రాసిన భయం ఆమెకి నిజంగానే వచ్చిపడింది, అదీ ఏ జబ్బూ లేకుండా.

“సోమవారం వెళ్ళి డీన్‌కి చెబుతాను మాహిరా. నేనే చెప్పానని. నీ సీటు పోవచ్చు. వచ్చే ఏడు మళ్ళీ…”

“చెప్పు నాన్నా” అంది. నా మాట పూర్తికానివ్వలేదు. “నేను ఆపను. అప్పుడు నన్ను మళ్ళీ పిలుస్తారు కదా. మా నాన్నది మెత్తని మనసు సార్, ఆ ఆంటీని చూసి తట్టుకోలేక తప్పు తన మీద వేసుకుంటున్నాడు అంటాను. నమ్ముతారు. నీ ఉద్యోగం పోతుంది. నా ఫీజు మామ కడతాడు. సీటు ఎక్కడికీ పోదు.”

“ఆమె నీకు ఏం అన్యాయం చేసింది?”

“ఏం చేయలేదు. చాయ్ మనిషి మాట ఎవడు నమ్ముతాడన్నావు కదా. నేను అది గుర్తుపెట్టుకున్నాను, అంతే.”

వీపు నిటారుగా ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, వణకడం లేదు. నేరుగా నా కళ్ళలోకి చూస్తోంది. పోయినేడు మనిషి ఎదురుగా ఉంటే నోరు పెగలని పిల్ల ఇది. రెండు వారాల కిందట మా సోఫాలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని, తిన్నావా ఆంటీ అని అడిగి, జవాబు కోసం ఆగిన పిల్ల కూడా ఇదే. దాన్ని ఆగవద్దన్నది నేను.

నాకు భయం వేసింది. కన్నకూతుర్ని చూసి భయపడ్డానని రాసుకోవడం సిగ్గుగా ఉంది. అయినా పడ్డాను.

“పైకెళ్దామా నాన్నా, అమ్మ అన్నం పెట్టింది” అంది.

సోమవారం తప్పకుండా చెబుతాను.

జూన్ 3, శనివారం

ఇవాళ ఆఫీసు లేదు.

జూన్ 4, ఆదివారం

ఇవాళ కూడా లేదు.

జూన్ 5, సోమవారం

పొద్దున్నే వెళ్ళాను. డీన్ ఊళ్ళో లేడు, సాయంత్రానికి వస్తాడన్నారు. సాయంత్రం వచ్చాడు, మీటింగులో ఉన్నాడు. మీటింగు అయ్యాక వెళ్ళిపోయాడు. నేను చేయగలిగింది చేశాను.

మధ్యలో వీరదుర్గ వచ్చింది, యూనిఫాం లేకుండా, ఆకుపచ్చ చీరలో. మొదట గుర్తుపట్టలేదు. ఏజెన్సీ ఫారం మీద మా డిపార్టుమెంటు సంతకం కావాలి. సంతకం పెట్టే మనిషిని నేనే.

ఫారం ఇంగ్లీషులో ఉంది. కారణం అన్న గడిలో, పరీక్ష రహస్యం బయటపెట్టినందుకు తొలగించడమైనది, నమ్మదగిన వ్యక్తి కాదు అని టైపు చేసి ఉంది. సంతకం పెట్టాను.

“ఏం రాసేరండి సార్ ఇందులో?”

“కాంట్రాక్టు పని అయిపోయింది, మనిషి మంచిది అని రాశారు” అన్నాను.

ఆమె మొహం విప్పారింది. “మీరే సెప్పుంటారండి మేడంగారికి. నాకు తెలుసండి.” కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది. “ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఓ ఫ్యాక్టరీ కేంటీన్లో మనిషి కావాలంటన్నారండి. రేపు ఎల్తన్నాను. ఇది సూపిత్తే పనిత్తారా అండి?”

“ఇస్తారు. వెళ్ళగానే ముందు ఇదే చూపించు.”

కాగితం మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. పాపకి నా దీవెనలు చెప్పండి అని వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయే మనిషి మనసు కష్టపెట్టడం నాకు ఇష్టం ఉండదు. ఆ మాత్రం మంచితనం నాలో ఉంది.